సోరియాసిస్‌కు ఏ మందు? ఎందులో మేలు, ఎందులో చేటు?

వరికి తెగులు కనబడగానే మనం ఏం చేస్తాం? ఆకు తెంపుకుని చూస్తాం. అది అగ్గి తెగులా, పొడ తెగులా, లేక జింకు లోపమా అని తేల్చుకున్న తర్వాతే మందు కొడతాం. తేల్చుకోకుండా కొడితే డబ్బూ పోతుంది, పైరూ పోతుంది. ఈ సంగతి తెలియని రైతు లేడు. కానీ ఒంటి మీద మచ్చ కనబడితే మాత్రం అదే రైతు మందుల దుకాణానికి వెళ్ళి "ఏదైనా ఆయింట్‌మెంట్ ఇవ్వు" అంటాడు. సోరియాసిస్ విషయంలో ఈ పొరపాటు ఎక్కువగా జరుగుతోంది. పశువుల గురించి, పైర్ల గురించి రాసే ఈ పేజీలో మనిషి చర్మం గురించి రాయడానికి కారణం అదే. ఈ జబ్బుకు ఉన్న మందులేమిటో, దేనివల్ల ఎంత లాభమో, ఎంత ఇబ్బందో తెలుసుకుందాం.

మాకు తెలిసిన ఒక కౌలు రైతు సంగతి ముందు చెప్పాలి. డెల్టాలో నాలుగెకరాలు చేస్తాడు. ముప్ఫై ఏళ్ళ వయసులో తలలో పొట్టు రాలడం మొదలైంది. చుండ్రు అనుకున్నాడు. తర్వాత మోచేతుల మీద, మోకాళ్ళ మీద ఎర్రటి మచ్చలు, వాటి మీద తెల్లటి పొలుసులు వచ్చాయి. తామర అని ఒకరు, గజ్జి అని ఒకరు, పాము పడగ నీడ అని ఇంకొకరు చెప్పారు. క్షౌరానికి వెళితే కుర్చీలో కూర్చోబెట్టడానికి వెనకాడారు. చెల్లెలి పెళ్ళి సంబంధం ఈ కారణంగానే వెనక్కి పోయిందని ఇప్పటికీ బాధపడతాడు. చివరకు పట్నంలో చర్మవ్యాధుల డాక్టరు దగ్గరకు వెళ్ళి బిళ్ళలు తెచ్చుకున్నాడు. మూడు నెలల్లో మచ్చలు చాలావరకు తగ్గాయి. అక్కడితో ఆగితే బాగుండేది. మందు అయిపోయాక పాత చీటీ చూపించి తనే మళ్ళీ కొనుక్కున్నాడు. వారానికి ఒకసారి వేసుకోవాల్సిన బిళ్ళలను, తొందరగా తగ్గుతుందని రోజూ వేసుకున్నాడు. వారం తిరిగేసరికి నోరంతా పూసింది, మంచినీళ్ళు కూడా మింగలేకపోయాడు. రక్తకణాలు పడిపోయి ఆసుపత్రిలో పన్నెండు రోజులు ఉన్నాడు. బతికి బయటపడ్డాడు. అందరికీ ఆ అదృష్టం ఉండదు.

మందు మంచిదే. వాడిన తీరు తప్పు. అందుకే వివరంగా చెప్పుకోవాలి.

జబ్బు అసలు స్వరూపం

మన చర్మం పై పొర ఎప్పటికప్పుడు కొత్తగా పుడుతూ, పాతది రాలిపోతూ ఉంటుంది. అడుగున పుట్టిన కణం పైకి వచ్చి రాలడానికి మామూలుగా సుమారు నెల రోజులు పడుతుంది. సోరియాసిస్‌లో ఇది నాలుగైదు రోజుల్లోనే జరిగిపోతుంది. అంత తొందరగా పుట్టిన కణాలు సరిగా ముదరకుండానే ఒకదానిపై ఒకటి పేరుకుపోతాయి. అవే వెండి రంగు పొలుసులు. కింద వాపు వల్ల చర్మం ఎర్రబడుతుంది. నల్లటి ఒంటిపై ఎరుపు తెలియక ముదురు గోధుమ రంగుగానో, ఊదాగానో కనబడవచ్చు.

ఇలా ఎందుకు జరుగుతుంది? రోగాల మీద పోరాడాల్సిన మన ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరపాటున మన చర్మం మీదే పని చేయడం వల్ల. చేనుకు కాపలా పెట్టిన కుక్క ఇంటివాళ్ళనే కరిచినట్లన్నమాట. వంశంలో ఉంటే వచ్చే అవకాశం కొంత ఎక్కువ. కానీ తండ్రికి ఉంటే పిల్లలందరికీ వస్తుందని లేదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. సోరియాసిస్ అంటువ్యాధి కాదు. పక్కన కూర్చున్నా, ఒకే కంచంలో తిన్నా, ఒకే చెరువులో స్నానం చేసినా, కాపురం చేసినా అంటుకోదు. ఇది కుష్టు కాదు. పాపం వల్లనో, శాపం వల్లనో వచ్చింది కాదు. ఈ జబ్బు ఉన్నవారిని సమాజం దూరం పెట్టకూడదని, తగిన వైద్యం అందాలని ప్రపంచ ఆరోగ్య సభ 2014లో తీర్మానమే చేసింది. ఏటా అక్టోబర్ 29న ప్రపంచ సోరియాసిస్ దినం కూడా జరుపుతున్నారు.

రెండో మాట కూడా అంతే గట్టిగా చెప్పాలి. దీన్ని మళ్ళీ రాకుండా వేళ్ళతో పెకిలించే మందు ఇంతవరకు ఏ వైద్యంలోనూ లేదు. అదుపులో పెట్టే మందులు మాత్రం చాలా ఉన్నాయి. బి.పి., షుగరు ఎలాగో ఇదీ అలాగే. "నలభై రోజుల్లో శాశ్వతంగా పోగొడతాం" అని గోడల మీద రాసిన ప్రకటన ఎక్కడ కనబడినా నమ్మకండి.

రైతులకు ఎందుకు ఎక్కువ ఇబ్బంది

ఈ జబ్బుకు ఒక లక్షణం ఉంది. దెబ్బ తగిలిన చోట, గీరుకున్న చోట, కాలిన చోట రెండు మూడు వారాల్లో కొత్త మచ్చ పుడుతుంది. 19వ శతాబ్దంలో కోబ్నర్ అనే జర్మన్ డాక్టరు దీన్ని గుర్తించాడు. పొలం పని చేసేవారికి గీతలు పడని రోజు ఉంటుందా? వరి ఆకు కోస్తుంది, గడ్డి మోపు గీరుతుంది, కొబ్బరి చెట్టు ఎక్కితే ఛాతీ, పిక్కలు రాసుకుంటాయి. కాబట్టి పొడవు చేతుల చొక్కా, కాళ్ళకు గుడ్డ పట్టీలు పెద్దమందు కింద లెక్క.

చలికాలంలో జబ్బు చాలామందికి ముదురుతుంది. దాళ్వా నాట్లు సరిగ్గా ఆ రోజుల్లోనే పడతాయి. అరచేతులకు, అరికాళ్ళకు సోరియాసిస్ ఉన్నవారికి చర్మం బెరడులా గట్టిపడి, పగిలి రక్తం వస్తుంది. ఆ కాళ్ళతో బురదలో దిగడం నరకమే.

ఇంకొక ప్రమాదం కూడా ఉంది. పగిలిన చర్మం నుంచి పురుగుమందు ఒంట్లోకి మామూలు కంటే ఎక్కువగా దిగుతుంది. జబ్బు చేతుల మీదకు వచ్చిన రోజుల్లో మందు కలిపే పని, పిచికారీ పని వేరేవారికి అప్పగించడమే మంచిది. తప్పనిసరి అయితే రబ్బరు తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు.

గొంతు నొప్పి, మనోవ్యధ, పొగ, మద్యం కూడా జబ్బును రేపుతాయి. బి.పి.కి వాడే కొన్ని మందులు, మలేరియాకు వాడే క్లోరోక్విన్, మానసిక జబ్బుకు వాడే లిథియం కొందరిలో దీన్ని పెంచుతాయి. ఆ మందులు మీ అంతట మీరు మానవద్దు. రెండు చీటీలూ డాక్టరుకు చూపించండి, చాలు.

ముందు జబ్బు ఏదో తేల్చుకోవాలి

తామర, ఎగ్జిమా, గజ్జి, సోరియాసిస్ పైకి కొంత ఒకేలా కనబడతాయి. తామర సాధారణంగా గుండ్రంగా, అంచు ఎర్రగా, మధ్యలో తేటగా ఉంటుంది. సోరియాసిస్ మచ్చ అంతటా మందంగా ఉంటుంది, పొలుసు గీకితే కింద సన్నని రక్తపు చుక్కలు కనబడతాయి. మోచేయి, మోకాలు, నడుం, తల దీనికి ఇష్టమైన చోట్లు. గోళ్ళ మీద గుండుసూదితో గుచ్చినట్లు గుంటలు పడడం కూడా ఒక గుర్తు. అయినా సొంతంగా తేల్చుకోవద్దు. పొలుసు కొంచెం గీకి సూక్ష్మదర్శినిలో చూస్తే తామర అవునో కాదో డాక్టరు అక్కడికక్కడే చెప్పగలరు. అనుమానం మిగిలితే చిన్న చర్మపు ముక్క తీసి పరీక్షకు పంపుతారు.

ఎంత మేర ఉందో కూడా చూడాలి. మీ చెయ్యి, వేళ్ళతో సహా, ఒంటి మొత్తంలో సుమారు నూటికి ఒక వంతు. మచ్చలన్నీ కలిపి మూడు చేతుల మేరకు లోపైతే తక్కువ జబ్బు. అది పూతమందులకు లొంగుతుంది. పది చేతులు దాటితే ఎక్కువ కింద లెక్క. అప్పుడు కాంతి చికిత్సో, లోపలికి మందో కావాలి. ముఖం, అరచేతులు, మర్మాంగాల మీద వస్తే మేర తక్కువైనా ఎక్కువ జబ్బుగానే చూస్తారు.

పూతమందులు

నూనె, వాజలైన్: అన్నిటికంటే చవకైనది, అందరికీ పనికొచ్చేది ఇదే. స్నానం చేసిన వెంటనే, ఒళ్ళు ఇంకా తడిగా ఉండగా కొబ్బరినూనో, వాజలైనో, లిక్విడ్ పారఫినో పట్టించాలి. పొలుసు మెత్తబడుతుంది, దురద తగ్గుతుంది, మిగతా మందు బాగా దిగుతుంది. అరికాళ్ళకు రాత్రి పట్టించి నూలు మేజోళ్ళు వేసుకుంటే పగుళ్ళు పూడుతాయి. దీనివల్ల చేటు దాదాపు లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. వాజలైను, పారఫిను ఇంకిన బట్టలకు నిప్పు తొందరగా అంటుకుంటుంది. కట్టెల పొయ్యి దగ్గర వంట చేసే ఆడవారు, చుట్టలు కాల్చేవారు ఇది గుర్తుంచుకోవాలి.

సాలిసిలిక్ ఆసిడ్: మందపాటి పొలుసును ఊడగొడుతుంది. తలకు, అరికాళ్ళకు బాగా పనికొస్తుంది. ఒళ్ళంతా పూయకూడదు. చిన్నపిల్లలకు వాడకూడదు.

తారు మందులు: బొగ్గు నుంచి తీసిన తారు. నూరేళ్ళకు పైగా వాడుకలో ఉంది. చవక, చాలాకాలం వాడవచ్చు. వాసన ఘాటు, బట్టలకు మరకలు అంటుతాయి, వెంట్రుకల మొదళ్ళలో కురుపులు రావచ్చు. తారు ఉన్న చర్మం ఎండకు తొందరగా మాడుతుంది. అందుకే పొలానికి వెళ్ళేవారు రాత్రి పూసుకుని, తెల్లారి శుభ్రంగా కడుక్కుని మరీ ఎండలోకి వెళ్ళాలి. తలకు తారు షాంపూ తేలిక.

డిత్రనాల్: దీని కథ చిత్రమైనది. బ్రెజిల్ దేశపు ఒక చెట్టు నుంచి తీసిన పొడి పోర్చుగీసువారి ద్వారా మన దేశానికి వచ్చి 'గోవా పౌడరు'గా పేరుపడింది. దాని నుంచే ఈ మందుకు దారి దొరికింది. మొండి మచ్చలకు పనిచేస్తుంది. కానీ చుట్టూ ఉన్న మంచి చర్మాన్ని మండిస్తుంది, పూసినచోట ఊదారంగు మరక పడుతుంది. అరగంట ఉంచి కడిగేసే పద్ధతి డాక్టరు నేర్పితేనే వాడాలి.

స్టెరాయిడ్ పూతలు: మనవాళ్ళు ఎక్కువగా వాడేవీ, ఎక్కువగా పాడైపోయేదీ వీటితోనే. బెటామెథసోన్, క్లోబెటసాల్ వంటివి వారం పది రోజుల్లోనే దురద, ఎరుపు తగ్గిస్తాయి. ఆ మేలు నిజమైనదే. నెలల తరబడి పూస్తే చర్మం ఉల్లిపొరలా పలచబడుతుంది, చారలు పడతాయి, ముఖం మీద ఎర్రటి నరాలు తేలతాయి. హఠాత్తుగా ఆపితే జబ్బు రెట్టింపుగా తిరగబడుతుంది. క్లోబెటసాల్ వంటి ఘాటైన పూతను ఒక విడతలో రెండు వారాలకు మించి, వారానికి 50 గ్రాములకు మించి వాడకూడదు. ముఖానికి, చంకలకు, గజ్జలకు అసలే పనికిరాదు. అసలు జబ్బు తామర అయ్యుంటే స్టెరాయిడ్ పూయడం మంటలో నెయ్యి పోసినట్లే. ఈ దుర్వినియోగం చూసే కేంద్ర ప్రభుత్వం 2018లో ఇలాంటి పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని నిబంధన పెట్టింది. దుకాణాల్లో మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబులు ఇంకా చేతికిస్తూనే ఉన్నారు. తీసుకోవద్దు.

ఎంత పూయాలి? పెద్దవారి చూపుడువేలు చివరి కణుపు పొడవున ట్యూబు నుంచి పిండితే సుమారు అర గ్రాము వస్తుంది. అది రెండు చేతులంత మేరకు సరిపోతుంది. ఈ కొలత గుర్తుంచుకోండి.

కాల్సిపోట్రియాల్: విటమిన్ డి జాతి మందు. చర్మాన్ని పలచబరచదు, చాలాకాలం వాడవచ్చు. పని నిదానం, కొందరికి మంట, ధర ఎక్కువ. సాలిసిలిక్ ఆసిడ్‌తో కలిపి పూస్తే దీని బలం పోతుంది. మొదట్లో స్టెరాయిడ్‌తో కలిపి వాడి, తగ్గాక దీనితో నిలబెట్టుకురావడం డాక్టర్లు ఎక్కువగా అనుసరించే పద్ధతి. ముఖానికి, మడతలకు టాక్రోలిమస్ అనే పూత రాస్తారు. అది కూడా చర్మాన్ని పలచబరచదు, మొదటి రోజుల్లో కొంత మండుతుంది.

కాంతి చికిత్స

ఎండకు సోరియాసిస్ తగ్గుతుందని చాలామంది గమనించే ఉంటారు. సూర్యకాంతిలో ఉండే అతినీల లోహిత కిరణాలే అందుకు కారణం. వాటిలో అవసరమైన భాగాన్ని మాత్రమే దీపాల ద్వారా ఒంటిపై పడేలా చేయడమే కాంతి చికిత్స.

పాత పద్ధతిలో సొరాలెన్ అనే బిళ్ళ వేసి, రెండు గంటల తర్వాత ఒక రకం కిరణాలు పట్టేవారు. దీన్ని పూవా అంటారు. 1974 నుంచి వాడుకలోకి వచ్చింది. మన బావంచాల గింజల్లో కూడా ఈ సొరాలెన్ ఉంటుంది. గుణం బాగా ఇస్తుంది. కానీ వికారం, ఆ రోజంతా నల్లకళ్ళద్దాలు పెట్టుకోవాల్సి రావడం, వందల సార్లు తీసుకుంటే చర్మ క్యాన్సర్ భయం దీని ఇబ్బందులు. గర్భిణులకు పనికిరాదు.

ఇప్పుడు ఎక్కువగా వాడేది న్యారోబ్యాండ్ యు.వి.బి. దీనికి బిళ్ళ అక్కర్లేదు, గర్భిణులకు, పిల్లలకు కూడా ఇవ్వవచ్చు. వారానికి రెండు మూడుసార్ల చొప్పున ఇరవై ముప్ఫై విడతలు పడుతుంది. ఒక్కో విడత కొద్ది నిమిషాలే. లోపలి అవయవాలకు ఏ హానీ లేదు. ఇబ్బందల్లా రాకపోకలదే. పల్లె నుంచి పట్నానికి వారానికి మూడుసార్లు వెళ్ళాలంటే కూలి పోతుంది, బస్సు చార్జీ అదనం. సగంలో మానేస్తే పెట్టిన ఖర్చు వృథా. పట్నంలో బంధువులు ఉన్నవారు వేసవిలో పనులు లేని రెండు మూడు నెలలు దీనికి పెట్టుకుంటే కుదురుతుంది.

"అయితే ఎండలో నిలబడితే చాలు కదా" అంటారు. ఉదయపు ఎండ కొద్దిసేపు పర్వాలేదు. ఒళ్ళు మాడితే మాత్రం ఆ మాడిన చోటే కొత్త మచ్చలు పుడతాయి. బావంచాల నూనె పూసుకుని ఎండలో కూర్చుంటే బొబ్బలు లేస్తాయి. ఆ ప్రయోగం వద్దు.

లోపలికి వాడే మందులు

మెథోట్రెక్సేట్: పైన చెప్పిన కౌలు రైతు వాడిన బిళ్ళలు ఇవే. ఈ మందు వెనుక మన జిల్లా మనిషి ఉన్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన విభాగానికి నాయకత్వం వహించారు. అక్కడే ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌ను తయారు చేసింది, దానికి ఎదురు పనిచేసే అమినోప్టెరిన్‌ను, ఆ తర్వాత మెథోట్రెక్సేట్‌ను కూడా అక్కడే తయారు చేశారు. మొదట రక్త క్యాన్సర్ పిల్లలకు వాడారు. 1951లో కీళ్ళవాతానికి అమినోప్టెరిన్ ఇచ్చి చూస్తున్న డాక్టర్లు, ఆ రోగులకు ఉన్న సోరియాసిస్ కూడా తగ్గడం గమనించారు. అలా ఈ జబ్బుకు దారి దొరికింది. సుబ్బారావు గారు 1948లోనే కన్నుమూశారు, అది చూడలేకపోయారు.

దీని మేలు: చవక, ఇంట్లోనే వేసుకోవచ్చు, చర్మంతో పాటు కీళ్ళకూ పనిచేస్తుంది. గుణం కనబడడానికి నెలో, రెండు నెలలో పడుతుంది.

దీని చేటు: వికారం, నీరసం, కాలేయానికి దెబ్బ, రక్తకణాలు తగ్గడం. అందుకే మొదలుపెట్టే ముందు, తర్వాత కూడా డాక్టరు చెప్పిన గడువులో రక్తపరీక్షలు తప్పనిసరి.

ఈ మందుకు కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. ఊరి సంత రోజునో, ఆదివారమో ఒక రోజు ఖాయం చేసుకుని క్యాలెండరు మీద గుర్తు పెట్టండి. బిళ్ళలు రెండున్నర, ఐదు, ఏడున్నర, పది మిల్లీగ్రాములలో దొరుకుతాయి. గతసారి మూడు బిళ్ళలు వేసుకున్నాను కదా అని ఈసారీ మూడు వేసుకుంటే మోతాదు రెట్టింపు కావచ్చు. కాబట్టి బిళ్ళల లెక్క కాదు, మిల్లీగ్రాముల లెక్క చూడండి. మిగతా రోజుల్లో డాక్టరు రాసిన ప్రకారం ఫోలిక్ ఆసిడ్ వేసుకుంటే ఇబ్బందులు తగ్గుతాయి. కల్లు, సారా, బ్రాందీ మానాల్సిందే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. పిల్లలు కావాలనుకునే మగవారు కూడా ముందుగా డాక్టరుకు చెప్పాలి. జ్వరానికి సల్ఫా మందులు, ఒళ్ళు నొప్పులకు నొప్పి బిళ్ళలు ఆర్.ఎం.పి. దగ్గర తీసుకునే ముందు ఈ మందు వాడుతున్నట్లు చెప్పాలి. సల్ఫా మందుతో కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. నోటిపూత, జ్వరం, ఎండు దగ్గు, ఆయాసం వస్తే బిళ్ళ ఆపి ఆసుపత్రికి వెళ్ళండి.

సైక్లోస్పోరిన్: జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు వారాల్లో అదుపులోకి తెస్తుంది. బి.పి. పెంచుతుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అందుకే కొద్ది నెలలు మాత్రమే ఇస్తారు, ఏడాది దాటనివ్వరు. ధర కూడా ఎక్కువ.

అసిట్రెటిన్: అరచేతులు, అరికాళ్ళు గట్టిపడినవారికి, చీము పొక్కుల రకానికి మంచిది. రోగనిరోధక శక్తిని తగ్గించదు. పెదాలు ఎండిపోతాయి, కొవ్వు పెరుగుతుంది. కడుపులో బిడ్డకు తీవ్రమైన అవకరాలు తెస్తుంది. మందు ఆపిన తర్వాత కూడా మూడేళ్ళు గర్భం రాకూడదు. అందుకే పిల్లలు పుట్టే వయసు ఆడవారికి ఇది సాధారణంగా రాయరు.

అప్రెమిలాస్ట్: 2014లో అమెరికాలో, ఆ తర్వాత మన దేశంలో అనుమతి పొందిన బిళ్ళ. రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. తరచు రక్తపరీక్షలు అక్కర్లేకపోవడం పల్లెవాసులకు అనుకూలం. గుణం మధ్యరకం. మొదటి వారాల్లో విరేచనాలు, వికారం ఉంటాయి. కొందరు బరువు తగ్గుతారు, కొందరికి మనసు దిగులుగా ఉంటుంది. మెథోట్రెక్సేట్ కంటే ఖరీదు.

బయోలాజిక్ ఇంజెక్షన్లు: జబ్బును రేపే ఒక్కో పదార్థాన్ని గురిచూసి ఆపేవి. అడాలిముమాబ్, సెకుకినుమాబ్ వంటివి. బెంగళూరు బయోకాన్ సంస్థ తెచ్చిన ఇటోలిజుమాబ్‌కు 2013లో మన దేశంలోనే మొదట సోరియాసిస్‌కు అనుమతి వచ్చింది. కొత్త రకాలతో చాలామందికి మచ్చలు దాదాపు పూర్తిగా పోతాయి, కీళ్ళు కూడా నిలబడతాయి. అయితే ఒక్కో ఇంజెక్షన్ వేల రూపాయల్లో ఉంటుంది, ఆపితే కొన్ని నెలల్లో జబ్బు మళ్ళీ వస్తుంది. ఒంట్లో దాగి ఉన్న క్షయ లేచే ప్రమాదం ఉంది కాబట్టి ముందు క్షయకు, కామెర్లకు పరీక్షలు చేయాలి. పొలం అమ్మి వాడాల్సిన మందు మాత్రం కాదు. ముందు తక్కువ ఖర్చు దారులు చూసి, అవి పనిచేయకపోతేనే దీని సంగతి ఆలోచించాలి. ప్రభుత్వ పథకంలో ఏమైనా వీలుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.

స్టెరాయిడ్ బిళ్ళలు, సూదులు: ఇవి సోరియాసిస్‌కు మందు కాదు. వేసుకున్న వారంలో మాయమైనట్లు కనబడి, ఆపగానే ఒళ్ళంతా ఎర్రబడి చీము పొక్కులతో తిరగబడవచ్చు. ఊళ్ళో ఎవరైనా "ఒక్క సూదితో తగ్గిస్తా" అంటే అది ఏ సూదో అడగండి.

నాటు మందులు, పథ్యాలు

అంకుడు చెట్టు మనకు తెలిసిందే. ఏటికొప్పాక బొమ్మలు ఆ కర్రతోనే చేస్తారు. దాని ఆకుతో కాచిన నూనెను సిద్ధ వైద్యంలో సోరియాసిస్‌కు వాడతారు. అర్హత ఉన్న వైద్యుడి దగ్గర పైపూతగా వాడుకునేవారిని కాదనలేం. ప్రమాదమల్లా పేరు లేని పొడులతో, చేటు తెచ్చే భస్మాలతో. వాటిలో స్టెరాయిడో, పాదరసమో, పాషాణమో కలిసి ఉంటే మచ్చలు తగ్గినట్లే ఉండి మూత్రపిండాలు పోతాయి. ఏం కలిపారో చెప్పని మందు, సీసా మీద చీటీ లేని మందు నోట్లో వేసుకోవద్దు.

వంకాయ, గోంగూర, చేపలు మానితే తగ్గుతుందని చెప్పేవారున్నారు. అందరికీ పనికొచ్చే అలాంటి పథ్యం ఏదీ రుజువు కాలేదు. చేపలు నిక్షేపంగా తినవచ్చు. ఒళ్ళు లావుగా ఉన్నవారు బరువు తగ్గితే మందులు బాగా పనిచేస్తాయి. పొగ, మద్యం మానితే మేలు. సోరియాసిస్ ఎక్కువగా ఉన్నవారికి షుగరు, బి.పి., గుండెజబ్బు వచ్చే అవకాశం ఎక్కువ కనుక ఏడాదికోసారి అవి కూడా చూపించుకోవాలి.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు

పొద్దున లేవగానే వేళ్ళు అరగంటకు పైగా బిగుసుకుపోవడం, వేలు మొత్తం వాయడం, మడమ నొప్పి ఉంటే జబ్బు కీళ్ళకు పాకిందేమో చూపించాలి. సోరియాసిస్ ఉన్న వంద మందిలో ముప్ఫై మంది దాకా ఇలా రావచ్చు. మచ్చలు తగ్గితే చర్మం మామూలవుతుంది, వంకరపోయిన వేలు మాత్రం మళ్ళీ రాదు. కొడవలి పట్టే చేతికి అదెంత నష్టమో చెప్పక్కర్లేదు.

ఒళ్ళంతా ఎర్రబడి పొలుసు రాలుతూ చలి వణుకు వచ్చినా, చీము పొక్కులతో జ్వరం వచ్చినా అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. అది ప్రాణాపాయం.

ఎక్కడికి వెళ్ళాలి

కాకినాడ, గుంటూరు, విజయవాడ, విశాఖ ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి. తలుపు మీద 'చర్మ, సుఖ, కుష్టు వ్యాధుల విభాగం' అని రాసి ఉంటుంది. ఆ బోర్డు చూసి వెనక్కి వచ్చేసినవారు మాకు తెలుసు, ముఖ్యంగా ఆడవారు. మూడు జబ్బులకూ చదువు ఒకటే కావడం వల్ల బోర్డు అలా ఉంటుంది. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. వెళ్ళేటప్పుడు పాత చీటీలు, వాడిన ట్యూబుల ఖాళీ డబ్బాలు తీసుకెళ్ళండి. ఎన్నాళ్ళు వాడాలి, ఏ పరీక్ష ఎప్పుడు చేయించాలి, రోజూ వేసుకోవాలా వారానికి ఒకసారా అని నోరు తెరిచి అడగండి. చీటీ మీద తెలుగులో రాయించుకోండి.

ఆ కౌలు రైతు ఇప్పుడు మళ్ళీ అదే మందు వాడుతున్నాడు. ఈసారి బిళ్ళల పెట్టె భార్య దగ్గర ఉంటుంది. ఆదివారం పొద్దున ఆమె లెక్కపెట్టి ఇస్తుంది, క్యాలెండరు మీద గుర్తు పెడుతుంది. మోచేతుల మీద రెండు మచ్చలు ఇంకా ఉన్నాయి. పొట్టి చేతుల చొక్కా వేసుకునే సంతకు వెళుతున్నాడు.